గుమ్మంలో ఖాళీ బుట్ట

హోసూరు,
12 జనవరి 2025.

పెరుమాయి అత్తకు తిలగ రాసుకునేది.

బతికే ఉన్నాను, వేళకు తింటూనే ఉన్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ నువ్వు అడిగేది ఈ రెండే కాబట్టి ముందే రాసేస్తున్నాను. ఆ రెండూ అడిగేలోపు ఈ గదిలో ఉన్న మిగతా అమ్మాయిలంతా చెవులు నా వైపు తిప్పేస్తారు. వాళ్ళకు తెలుగు రాదు, కానీ నా కోపం ఏ భాషలోనైనా అర్థమవుతుందంట. అందుకే ఉత్తరం. కుప్పం బళ్ళో నువ్వు నేర్చుకున్న అక్షరాలు నాకు పలక మీద దిద్దించావు, ఒత్తులు నేనే ఫోన్లో చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే ఊరుకో. తప్పులు పట్టేవాళ్ళు నాకు ఫ్యాక్టరీలో చాలినంత మంది ఉన్నారు. మా లైన్ సూపర్‌వైజరు మేము నవ్వినా పని ఆగినట్టే లెక్క వేస్తాడు.

అసలు విషయానికి వస్తాను. దీపావళికి వచ్చినప్పుడు నువ్వు రేషన్ షాపుకు ఒకే రోజు రెండుసార్లు పోయావు. రెండోసారి సంచి కూడా తీసుకుపోలేదు. లైన్లో నిలబడితే ఎవరైనా ఒక మాట మాట్లాడతారని పోయావు. నేను చూశాను, నీకు చెప్పలేదు. కూలికి పోవద్దు, నేను సంపాదిస్తున్నాను అని నీతో చెప్పింది నేనే. ఇప్పటికీ అదే చెప్తాను. నన్ను పెంచడానికి నువ్వు వంచిన నడుము చాలు. కానీ నువ్వు ఆ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ కూర్చోవడానికి కాదు నేను ఇక్కడ రాత్రి షిఫ్టులు చేసేది.

కాబట్టి ఒక పని చేశాను. నాతో చదువుకున్న ప్రీతి తెలుసు కదా, పెద్దింటి పాపక్క కోడలు. దానికి ఫోన్ చేసి మన వీధికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టించాను. 'మన వీధి చేతిపని' అని పేరు. పై ఇళ్ళు, కింది ఇళ్ళు అన్న తేడా లేకుండా ఫోన్ ఉన్న ప్రతి ఇంటినీ అందులో చేర్చాం. ప్రీతి ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లుతుంది, బాగా అల్లుతుంది. అది వీడియో తీసి పెడుతుంది, అందరూ ఇంట్లో కూర్చుని అల్లుతారు, ఫోటోలు పెట్టుకుంటారు, మాట్లాడుకుంటారు. నిన్ను కూడా చేర్చేశాను. నా పాత ఫోన్ నీ దగ్గర ఊరికే పడి ఉంది కదా, అద్దం పగిలినా పని చేస్తుంది.

వైరు కట్టలు ధర్మపురి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. బస్టాండుకు పోయి తీసుకో. నాకు బుట్ట అక్కర్లేదు, నువ్వు అల్లుతున్నావు అన్న కబురు కావాలి.

ఇట్లు కోపంగానే ఉన్న నీ మేనకోడలు,
తిలగవతి.


ధర్మపురి,
24 జనవరి 2025.

తిలగకు నీ అత్త పెరుమాయి దీవించి రాసేది.

ఉత్తరం అందింది, వైరు కట్టలూ అందినాయి. కండక్టరు బస్సు నిలపకుండానే కిటికీలోంచి విసిరినాడు. చిలకపచ్చ కట్ట పూలంగడి మీద పడింది, పూలామె నన్ను తిట్టింది, తిడతానే ఈ రంగు బాగుంది ఎక్కడిది అని అడిగింది. అట్లా ఒకరితో మాట్లాడినాను, నీ లెక్కలో రాసుకో.

ఒత్తులు తప్పు లేవు అమ్మీ. 'క్ష' ఒకటి తేలుకొండి మాదిరి ఉంది, అయినా తెలుస్తోంది.

బుట్ట మొదలుపెట్టినాను. ప్రీతి చెప్పేది విని ఆపి, మళ్ళీ విని ఆపి, ముడి వేస్తాను. అడుగు బాగానే వచ్చింది. పక్కలు లేపేటప్పుడు ఒక వైపు బిగువు ఎక్కువై, ఇంకో వైపు వదులై, బుట్ట ఒక పక్కకు ఒరిగిపోయింది. నిలబెడితే పడుతుంది. పక్కింటి మాదేశ్వరన్ దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టినాడు. వాడూ అల్లుతున్నాడు తెలుసా. ఆటో స్టాండులో సవారీ దొరికేదాకా సీటు మీద కూర్చుని అల్లుతాడు. "ఏం మాదేశా, ఎవరికి పెళ్ళి సారె పెడుతున్నావు?" అని స్టాండులో వాళ్ళు ఏడిపిస్తే, "మీ ఇంట్లో ఆవిడ అడిగింది, నువ్వు కొనివ్వలేదంట కదా" అన్నాడంట. ఇప్పుడు ఇంకొకడు కూడా మొదలుపెట్టినాడు.

నా బుట్ట ఫోటో చూసి పెద్దింటి పాపక్క ఫోన్లో మాట్లాడి తన గొంతు పంపింది. "పెరుమాయీ, నీ బుట్ట తాగొచ్చిందా ఏంది, నిలబడలేకుండా ఉంది?" అని. నాకు నవ్వు ఆగలేదు. ఎన్నేళ్ళు ఆమె చేనుకు పోయినాను, ఆమెతో పాటు నవ్వింది ఎప్పుడూ లేదు. ఆమె చెప్పేది, నేను చేసేది, అంతే. ఇప్పుడు ఆమె నన్ను ఎగతాళి చేసింది, నేనూ మాదేశ్వరన్ చేత బొత్తాము నొక్కించి, "నీ బుట్ట చూపించు ముందు, అది నిలబడిందో లేదో" అన్నాను. అన్న తర్వాత భయపడినాను. ఆమె నవ్వే బొమ్మలు పంపింది, వరసగా.

రాసినవి ఏవేవో వస్తా ఉంటాయి, అవి పైకి తోసేస్తాను. బొమ్మలు చూస్తాను, ప్రీతి గొంతు వింటాను. పొద్దు పోతోంది బిడ్డా. రేషన్ షాపుకు ఈ నెల ఒక్కసారే పోయినాను.

నువ్వు సూపర్‌వైజరు మీద నోరు చేసుకోవద్దు. నీ నోరు నాకు తెలుసు.

నీ అత్త,
పెరుమాయి.


హోసూరు,
2 ఫిబ్రవరి 2025.

అత్తకు తిలగ నుంచి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ తాగొచ్చిన బుట్ట సంగతి గదిలో అందరికీ తమిళంలో చెప్పాను. సేలం పిల్ల ముత్తుసెల్వి కింద పడి నవ్వింది. అయితే ఒకటి, పాపక్క నవ్వితే నువ్వెందుకు భయపడాలి? ఆమె చేను ఆమె కష్టంతో పండిందా? నీ నడుముతో పండింది. ఇప్పుడు గ్రూపులో ఆమె ఒక నంబరు, నువ్వొక నంబరు. ఆమె బుట్ట నీ బుట్ట పక్కనే కనబడుతుంది. నాకు కావాల్సింది అదే.

ఇంకో ఏర్పాటు చేశాను. అందరి మొదటి బుట్టలూ అయిపోవచ్చాయి కదా. వాటిని ఏం చేయాలి అని ప్రీతితో మాట్లాడి ఒక ఆట పెట్టాను. పదిహేనో తేదీ శనివారం. నియమాలన్నీ గ్రూపులో వివరంగా రాసి పెట్టాను, ఇక్కడ మళ్ళీ రాయను, చెయ్యి నొస్తోంది. ఉన్న ఇల్లు, లేని ఇల్లు అని ఎవరూ తక్కువ కాకుండా ఒక నియమం కూడా పెట్టాను. దాని మీద ప్రీతి నాతో వాదించింది, నేనే గెలిచాను. నువ్వు ఆ రోజు ఇంట్లో ఉండు, అంతే.

సూపర్‌వైజరు మీద నోరు చేసుకున్నాను. బాత్రూముకు పోతే టైము రాసుకుంటున్నాడు. నీ టైము కూడా నన్ను రాయమంటావా అని వాణ్ణి అడిగాను. రెండు రోజులు వేరే లైనుకు మార్చారు, ఆ లైనులో ఫ్యాను ఉంది, నాకేం నష్టం లేదు.

తిలగ.


ధర్మపురి,
18 ఫిబ్రవరి 2025.

తిలగకు అత్త రాసేది.

ముందే చెప్తున్నాను, కోప్పడకుండా చదువు. నేను పనికి పోయినాను.

శనివారం ఇంట్లో ఉండమన్నావు, ఉన్నాను. సాయంత్రం పెద్దింటి పనిపిల్ల వచ్చి నా గుమ్మంలో ఒక వైరు బుట్ట పెట్టి, ఒక్క మాట చెప్పకుండా పోయింది. లోపల చూసినాను, ఏమీ లేదు. ఖాళీ.

ఇది నీకు తెలియదు. తెలియకూడదనే పెంచినాను. మనకు ఫోన్లు లేని కాలం నుంచి పెద్దిళ్ళ వాళ్ళు పనికి పిలిచేది ఇట్లానే. ముందురోజు సాయంత్రం ఖాళీ గంప తెచ్చి గుమ్మంలో పెట్టి పోతారు. రేపు రా అని దాని అర్థం. ఏం పని, ఎంత కూలి, ఎన్ని రోజులు, ఏదీ చెప్పరు, మనం అడగం. తెల్లారి ఆ గంప ఎత్తుకుని పోవడమే. పోకపోతే తర్వాత ఏ ఇంటి గంపా రాదు. నువ్వు బడి నుంచి వచ్చే లోపల నేను దాన్ని లోపలికి తీసి తలుపు వెనక పెట్టేదాన్ని. గంప చూస్తే నువ్వు అడుగుతావు, అడిగితే చెప్పాలి, చెప్తే ఒక రోజు నువ్వే ఎత్తుకుంటావేమో అని.

ఇప్పుడు గంపకు బదులు వైరు బుట్ట పెట్టినారు, కాలం మారింది కదా అనుకున్నాను. ఆదివారం తెల్లారి ఎత్తుకుని పోయినాను. పాపక్క వాకిట్లో చింతపండు రాశి పోసి ఉంది. ఆమె తల ఎత్తింది. నా చేతిలో బుట్ట చూసింది, నా ముఖం చూసింది. "వచ్చినావా పెరుమాయీ, కూర్చో" అని పీట వేయించింది. గింజ తీసే పనికి నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు, నేనూ కూర్చున్నాను. సాయంత్రం కూలి ఇచ్చింది, తీసుకున్నాను. ప్రీతి ఫోటోలు తీసింది.

పని కష్టం కాలేదు. ఆ ఆడవాళ్ళతో మాట్లాడతా గింజలు కొట్టినాను, పొద్దు ఎట్ల పోయిందో తెలియలేదు. అది నిజం. ఒక్కటే మనసుకు తగిలింది. నా బుట్ట చూసి ఆమె నవ్వినప్పుడు, నేను మాట తిరిగి అన్నప్పుడు, ఇక ఈమెకు నేను పిలిస్తే పలికే మనిషిని కాదేమో అనుకున్నాను. మళ్ళీ గంప పెట్టింది. సరే, అంతే అనుకున్నాను. అట్లా అనుకోవడం నాదే తప్పు.

రెండో బుట్ట సగం అల్లి ఉంది. దాన్ని అటక మీద పెట్టేసినాను. ఎండలు ముదురుతున్నాయి, అక్కడ మజ్జిగ తాగు.

పెరుమాయి.


హోసూరు,
23 ఫిబ్రవరి 2025.

అత్తా,

కోప్పడకుండా చదవమన్నావు. కుదరలేదు.

ఆ శనివారం ఆట ఏమిటో చెప్తాను విను. ప్రీతి చీటీలు తీసి, ఎవరికి ఏ ఇల్లో గ్రూపులో రాసింది. ఎవరి చీటీలో ఏ ఇల్లు వస్తే తమ బుట్ట ఆ ఇంటి గుమ్మంలో పెట్టాలి. ఊరికే, స్నేహానికి. బుట్ట ఖాళీగా పెట్టాలి అన్నది నా నియమం. పెద్దిళ్ళ వాళ్ళు యాపిల్ పళ్ళు నింపి పెడతారు, మాదేశ్వరన్ ఏం నింపుతాడు? అందుకని ఎవరూ ఏమీ పెట్టకూడదు అన్నాను. పాపక్క చీటీలో నీ ఇల్లు వచ్చింది. నీకూ ఒక ఇల్లు వచ్చింది, ఒరిగిన బుట్ట పెట్టడానికి సిగ్గుపడ్డావేమో అని అందరూ ఊరుకున్నారు. ఇదంతా గ్రూపులో రాసి ఉంది.

కానీ పాపక్కకు తెలుసు కదా. ఇన్నేళ్ళు గంపలు పెట్టించిన మనిషికి ఖాళీ బుట్ట నీ గుమ్మంలో పెడితే దాని అర్థం ఏమిటో తెలియదా? తెలిసే పెట్టింది. తెలియకుండా పెట్టి ఉంటే నువ్వు తెల్లారి వెళ్ళినప్పుడు 'ఇదేంటి పెరుమాయీ, ఇది ఆట' అని నవ్వి పంపేది. పీట వేసింది, గింజలు కొట్టించింది, కూలి ఇచ్చింది. అంతటితో ఆగలేదు, ప్రీతి ఆ ఫోటోలు గ్రూపులో పెట్టి 'మన వీధి స్నేహం' అని కింద రాసింది. ఆ ఫోటోలో నువ్వు మూలన తల వంచుకుని ఉన్నావు. దాని కింద అందరూ గుండె గుర్తులు పెట్టారు. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

రాసేశాను. గ్రూపులోనే రాశాను, అందరూ చదివేలా. 'మా అత్తను కూలికి పిలవడానికి పాపక్కకు నా ఆట కావాల్సి వచ్చిందా? నోరు తెరిచి పిలవడానికి ఈ రోజుకీ మర్యాద తక్కువా?' అని. ఇంకా చాలా రాశాను. అవి ఉత్తరంలో రాయను. అయిదుగురు వెంటనే గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పోనీ.

నువ్వు ఆ ఇంటి ముఖం చూడకు. ఆ బుట్టను తీసుకుపోయి వాళ్ళ గుమ్మంలో పడేయి.

తిలగ.


ధర్మపురి,
1 మార్చి 2025.

తిలగవతికి.

ఈసారి పూర్తి పేరుతో పిలుస్తున్నాను, ఎందుకో నీకు తెలుస్తుంది.

నువ్వు రాసింది నేను చదవలేదు. మాదేశ్వరన్ ఆటో నా ఇంటి ముందు ఆపి, "పెరుమాయక్కా, నీ కోడలు ఏమి రాసిందో చూసినావా" అని గట్టిగా చదివి వినిపించినాడు. వినడానికి అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడినారు. నేను కూలికి పోయింది వీధికి తెలియక కాదు. నన్ను కూలికి పిలిచినారు, నేను తల వంచుకుని పోయినాను అని నడివీధిలో చదివి వినిపించింది నువ్వు. పాపక్క ఖాళీ బుట్ట పెట్టినప్పుడు ఇంత సిగ్గుపడలేదు నేను.

ఆట సంగతి గ్రూపులో వివరంగా రాసినాను అన్నావు. ఏ భాషలో రాసినావు? తమిళంలో. మీ అత్తకు తమిళ అక్షరం ఒక్కటి తెలుసునా? కుప్పంలో అమ్మమ్మ దగ్గర అయిదో క్లాసు చదివిన దాన్ని. బస్సు బోర్డు కూడా రంగు చూసి ఎక్కుతాను. అందుకే కదా నీకు తెలుగు దిద్దించింది, నాకు ఉత్తరం రాసేవాళ్ళు ఒక్కరన్నా ఉండాలని. రాసినవన్నీ పైకి తోసేస్తాను అని నీకు ముందే రాసినాను. నువ్వు చదివినావు, నవ్వుకున్నావు, మళ్ళీ తమిళంలోనే రాసినావు. మా కోసం పెట్టిన గ్రూపు అంటావు. మమ్మల్ని ఒక మాట అడిగినావా?

ప్రీతి వచ్చి ఏడ్చింది. పాపక్క మూడు దినాలుగా వాకిట్లోకి రాలేదంట. చింతపండు పని ఆగింది. గ్రూపులో ఒక్క గొంతూ వినబడదు. నిన్న అయితే ఫోన్ పాడైపోయిందేమో అని మాదేశ్వరన్‌కు చూపించినాను. పాడు కాలేదు, ఎవరూ ఏమీ అనడం లేదు అన్నాడు.

నాకు పొద్దు పోలేదు. రేషన్ షాపుకు పోయినాను.

రేపు నేను పాపక్క దగ్గరికి పోయి అడుగుతాను. నువ్వు నా తరఫున ఇంకో మాట రాయొద్దు.

పెరుమాయి.


హోసూరు,
2 మార్చి 2025.

అత్తా,

వారమైంది, నీ జవాబు లేదు. ఫోన్ చేస్తే తిన్నాను, బాగున్నాను అని పెట్టేశావు. నా మీద కోపమా, పాపక్క మీదా? ప్రీతి నా ఫోన్ ఎత్తడం లేదు.

నాకు విసుగొచ్చింది. మనుషుల్ని ఒక చోట కూర్చోబెట్టడం నా వల్ల కాదని తెలిసిపోయింది. ఫ్యాక్టరీలో యూనియన్ మాట ఎత్తినప్పుడూ ఇంతే, మాట్లాడినంతసేపు అందరూ ఉంటారు, తర్వాత నేను ఒక్కదాన్ని వేరే లైనులో ఉంటాను. ఆ గ్రూపు ఉండి ఎవరికి లాభం? పై ఇళ్ళ వాళ్ళకు మనల్ని పనికి పిలవడానికి ఇంకో దారి దొరికింది, అంతే. వచ్చే ఆదివారం నాకు సెలవు. గ్రూపుకు నేనూ అడ్మిన్నే కదా, ఆ రోజు కూర్చుని అందర్నీ ఒక్కొక్కరిగా తీసేస్తాను. పెట్టింది ప్రీతి కాబట్టి అది ఒక్కతే మిగులుతుంది. తన వీడియోలు తనే చూసుకుంటుంది.

నీకు ఇంకేదైనా చూస్తాను. కుట్టు మిషన్ కొందామా?

తిలగ.


ధర్మపురి,
9 మార్చి 2025.

తిలగకు అత్త పెరుమాయి రాసేది.

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. నీ రెండో తేదీ ఉత్తరం బుధవారం అందింది. అందులో నాకు పనికొచ్చిన మాట ఒక్కటే, వచ్చే ఆదివారం అన్నది. దాని సంగతి చివర చెప్తాను.

పాపక్క దగ్గరికి పోయినాను. ఆమె చింతపండు రాశి దగ్గర ఒక్కతే కూర్చుని గింజలు తీస్తా ఉంది. నేను నిలబడకుండా ఎదురుగా కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు.

"ఏం పెరుమాయీ, ఆ పొద్దు బుట్ట ఎత్తుకుని ఎందుకొచ్చినావు?" అని ఆమే ముందు అడిగింది.

"నువ్వు పెట్టించినావు, వచ్చినాను."

"అది చీటీ ఆట కదా."

"నాకేం తెలుసు?"

"తెలియకపోతే అడగొద్దా?"

"గంప పెట్టిన రోజుల్లో ఎప్పుడన్నా అడిగినానా? అడగనిచ్చినారా?"

ఆమె చేతిలో గింజ పక్కన పడేసింది. తర్వాత చెప్పింది. నేను తెల్లారి వాకిట్లో నిలబడితే, చేతిలో డబ్బు లేక కష్టమై పనికి వచ్చినానేమో, నోరు తెరిచి అడగలేక బుట్ట వంక పెట్టుకున్నానేమో అనుకుందంట. ఎందుకొచ్చినావు అంటే నేను సిగ్గుపడతానని పీట వేయించిందంట. కూలి ఇవ్వకపోతే ఇంకా తప్పు అని ఇచ్చిందంట.

"మరి ఖాళీ బుట్ట పెట్టేటప్పుడు నీకు గంప గుర్తు రాలేదా?" అన్నాను.

"వైరు బుట్ట కదే, పచ్చా ఎరుపూ వేసి నేనే అల్లింది. గంప ఎట్ల గుర్తొస్తుంది?"

"నీకు గుర్తు రాదులే. ఎత్తుకున్నది నేను."

ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది తిలగా. నాకూ వచ్చింది. ఇద్దరం కాసేపు గట్టిగానే మాట్లాడుకున్నాము. ప్రీతి లోపలి నుంచి పరిగెత్తుకుని వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమెతో నేను పోట్లాడింది అదే మొదలు. చివరికి ఆమె, "సరేలే, ఇక నుంచి నోటితోనే పిలుస్తాను, రాను అంటే రానని చెప్పు, అంతేగా" అనింది. ముఖం ముడుచుకునే అనింది. అయినా అనింది.

తర్వాత ప్రీతిని పిలిచి నా ఫోన్ ఇచ్చి బొత్తాము ఎట్ల నొక్కేదో నేర్చుకున్నాను. గ్రూపులో నేనే మాట్లాడినాను, మనింట్లో మాట్లాడే తెలుగులో. "నేను పెరుమాయిని. నాకు తమిళ అక్షరం రాదు. ఆట ఏందో నాకు తెలియలేదు, ఖాళీ బుట్ట చూసి పనికి పోయినాను. పాపక్క మీద ఎవరూ మాట అనొద్దు, నా మీద జాలి కూడా వద్దు. రేపటి నుంచి ఏదన్నా చెప్పాలంటే నోటితో చెప్పండి" అన్నాను.

ఏమయిందో తెలుసా? చివరింటి ముసలామె గొంతు వచ్చింది. "నాకూ అక్షరం రాదే, నేనూ ఇన్నాళ్ళూ పైకే తోసేస్తున్నాను." ఇంకొకామె, "నాకు వచ్చు కానీ అద్దాలు లేవు." పై ఇంటి కన్నప్పన్ వాళ్ళమ్మ, ఆమె కూడా. తమిళంలో రాసుకుని పోట్లాడుకునే వీధి, ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులో మాట్లాడితే పై ఇళ్ళ గొంతులూ కింది ఇళ్ళ గొంతులూ ఒకే మాదిరి ఉంటాయి అని మాదేశ్వరన్ అన్నాడు. వెళ్ళిపోయిన అయిదుగురిలో నలుగురు మళ్ళీ వచ్చినారు. శనివారం సాయంత్రాలు అందరూ ఎవరో ఒకరి వాకిట్లో కూర్చుని అల్లాలని అనుకున్నాము. మొదటి శనివారం మన వాకిట్లోనే. నీళ్ళు చల్లి చాప వేసినాను, చాప చాలలేదు, మాదేశ్వరన్ ఆటో సీటు పీకి తెచ్చినాడు. పాపక్క వచ్చింది. అటక మీది బుట్ట దింపి చూపించినాను. ఇది కూడా ఒరిగింది అనింది. నీది మాత్రం నిటారుగా ఉందా అన్నాను.

ఇంకో మాట. చింతపండు పని అయ్యేదాకా నేను పోతాను. ఆమె నోటితో అడిగింది, కూలి ముందే చెప్పింది, వస్తానని నేను చెప్పినాను. నాకు డబ్బు కోసం కాదు, ఆ ఆడవాళ్ళతో కూర్చోవడం నాకు ఇష్టం. నువ్వు పని మాన్పించినప్పుడు పనితో పాటు ఆ మనుషుల్ని కూడా మాన్పించినావు. అది నీకు తెలియదు, నేనూ చెప్పలేదు. కుట్టు మిషన్ వద్దు.

ఇక ఆదివారం సంగతి. నువ్వు చెప్పింది చేసే పిల్లవని నాకు తెలుసు. అందరినీ తీసేస్తానంటే తీసేస్తావు. కాబట్టి ప్రీతిని అడిగి నన్ను కూడా గ్రూపుకు అడ్మిన్‌ని చేయించుకున్నాను. శనివారం అందరూ లేచి పోయినాక, నిన్ను తీసేసినాను. ప్రీతి నొక్కుతానంటే వద్దన్నాను, నేనే నొక్కినాను. నిజంగా తీసేయమంటావా అని ఫోన్ తిరిగి అడిగిందంట, ప్రీతి చదివి చెప్పింది. అవును అన్నాను.

పాపక్కను నువ్వు అనిన మాటలు గ్రూపులో అన్నావు. వాటిని ఆమె ఎదురుగా కూర్చుని అను, లేదా తప్పు అని ఆమె ఎదురుగా కూర్చుని చెప్పు. నీకు ఏది నిజమనిపిస్తే అది. ఆమె కూడా నీకు చెప్పాల్సింది ఉందంట. ఆ తర్వాత మళ్ళీ చేరుస్తాను.

నిన్ను కడుపులో పెట్టుకుని పెంచిన నీ అత్త,
పెరుమాయి.


హోసూరు,
16 మార్చి 2025.

అత్తకు, గ్రూపులో లేని తిలగ రాసేది.

ఎనిమిదో తేదీ శనివారం షిఫ్టు ముగిసి గేటు దగ్గర ఫోన్ తీసుకున్నాను. తెరవగానే 'పెరుమాయి మిమ్మల్ని తొలగించారు' అని ఉంది. గేటు దగ్గరే నిలబడిపోయాను. వెనక వచ్చే అమ్మాయిలు తోసుకుంటూ పోతున్నారు. ముత్తుసెల్వి తొంగి చూసి, "ఎవరే పెరుమాయి, మీ సూపర్‌వైజరా?" అంది. నాకు కోపం రావాలి. నవ్వు వచ్చింది. బస్సు ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి నవ్వలేదు.

తమిళంలో రాసింది నా తప్పు. నీ పేరు వీధిలో వినబడేలా చేసింది నా తప్పు. ఈ రెండూ ఒప్పుకుంటాను. పాపక్క తెలిసి చేసింది అన్నది కూడా తప్పే, ఆమె ఎదురుగా చెప్తాను. కానీ గంప సంగతి తప్పు కాదు. ఇన్నేళ్ళు మాట లేకుండా మనుషుల్ని పిలిచారు, అది ఆమె మర్చిపోగలిగింది, నువ్వు మర్చిపోలేదు. అది కూడా ఆమె ఎదురుగానే చెప్తాను. నీ పేరు తీయను. అడ్మిన్ ఒప్పుకుంటారా?

చింతపండు పనికి నువ్వు పోవడం నాకు ఇప్పటికీ నచ్చలేదు. నీకు ఇష్టం అన్నావు కాబట్టి ఊరుకుంటున్నాను, ఒప్పుకుని కాదు. ఆ ఆడవాళ్ళ పేర్లు ఏమిటో రాయలేదు నువ్వు. వాళ్ళలో నాతో చదివినవాళ్ళు ఉన్నారా? నువ్వు ఇన్నేళ్ళు ఎవరితో కూర్చున్నావో నేను ఒక్కసారి కూడా అడగలేదని నిన్న గుర్తొచ్చింది.

సూపర్‌వైజరును సెలవు అడిగాను. ఏం పని అన్నాడు. మా అత్త నన్ను తీసేసింది, పోయి మాట్లాడుకోవాలి అన్నాను. ఎందులోంచి తీసేసింది అని అడగకుండా సంతకం పెట్టాడు. ఆస్తి అనుకున్నాడేమో.

వచ్చే శనివారం, ఇరవై రెండున, పొద్దున బస్సుకు బయలుదేరి వస్తున్నాను. సాయంత్రం ఎవరి వాకిట్లో కూర్చుంటారో తెలియదు, అడగడానికి నాకు గ్రూపు లేదు. ఎవరి వాకిలైనా సరే, పాపక్కకు ఎదురుగా చోటు ఉంచు. నాకు అల్లడం రాదు. ఆమెతో మాట్లాడుతున్నంతసేపు నా చేతికి ఏదో ఒకటి ఇవ్వండి, ముడి తప్పితే తిట్టండి.

తిలగ.